అవ్వ ఇంటి ఆరో మెట్టు

ఇరవై తొమ్మిదేళ్లు నేల ఎత్తుపల్లాలు కొలిచి లెవెల్ పుస్తకాలు రాశాను. తప్పులు చాలా రాశాను. కొన్ని ఆ సాయంత్రమే దొరికాయి, కొన్ని మరుసటి వారం దొరికాయి, కొన్ని దొరకనే లేదేమో. అవేవీ నన్ను ఇప్పుడు బాధపెట్టవు. బాధపెట్టేవి అయిదు అంకెలు: ఆరు, అయిదు, ఏడు, ఆరు, ఏడు. అయిదూ సరైనవే. ఒక్కొక్కటి మూడుసార్లు చూసి రాసినవే. ఒకదాని కింద ఒకటి వేసి కూడలేదు, అంతే.

మోకాళ్లు అరిగిపోయి యాభై ఆరేళ్లకే పని మానేసి, మణుగూరు పక్కన మా ఊళ్లో ఉంటున్నాను. వానలకు ముందు గోదావరి ఒడ్డు ఊళ్ల లెవెల్స్ తీయడానికి వచ్చే పిల్లలు మంచినీళ్లకు మా ఇంటి ముందు ఆగుతారు. వాళ్ల దగ్గర ఉపగ్రహాలతో మాట్లాడే మిషన్లు ఉన్నాయి. "సార్, మీ కాలంలో ఎట్లా చేసేవాళ్లు?" అని అడుగుతారు. అడిగినవాళ్లందరికీ సగం సగం చెప్పాను. మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

నేను చదివింది పదో తరగతి. బొగ్గు ఓపెన్‌కాస్టు గనిలో ఒక కాంట్రాక్టరు దగ్గర స్టాఫ్ పట్టుకునే కూలీగా చేరాను. స్టాఫ్ అంటే అంకెలు రాసిన పొడవాటి కొలబద్ద. దాన్ని నిలబెట్టినవాడికి దానిమీద ఏం చదువుతున్నారో తెలియాల్సిన పని లేదు. నాకు తెలుసుకోవాలనిపించింది. సర్వేయరు పారేసిన పాత పుస్తకాల్లో లెక్కలు తిరగేసి, ముందు జవాబు చూసి తరవాత ప్రశ్న కనుక్కుని నేర్చుకున్నాను. నాలుగేళ్లకు లెవెల్ మిషన్ నా చేతికి వచ్చింది. ఆ తరవాత కంటికి కనబడిందల్లా లెక్కపెట్టడం నాకు అలవాటైంది. ఇప్పటికీ బస్సెక్కితే సీట్లు లెక్కపెడతాను.

ఆ కాంట్రాక్టరు ఇండోనేషియాలో పని పట్టాడు. బోర్నియో దీవిలో లోపలెక్కడో బొగ్గు గని. బొగ్గు పడవలకు ఎక్కించడానికి నది ఒడ్డున జెట్టీ కట్టాలి, గని నుంచి జెట్టీ దాకా చిత్తడి నేల మీద రోడ్డు వేయాలి. ఇక్కడి నుంచి ఇద్దరం వెళ్లాం. నేను లెవెల్ మిషన్‌తో. రెండోవాడు మట్టి తవ్వే పొక్లెయిన్ ఆపరేటరు, కారేపల్లి వైపువాడు, నాకంటే ఏడేళ్లు చిన్న. ఆదివారం ప్రార్థన మానడు, మిగతా ఆరు రోజులు జోకులు మానడు. నెల తిరిగేసరికి ఆ దేశపు భాష గడగడా మాట్లాడేశాడు. నాకు ఆ భాషలో అంకెలు మాత్రమే వచ్చాయి. అక్కడివాళ్లు నాతో అన్నవన్నీ వాడి నోటి నుంచే విన్నాను. అందుకే ఆ మనుషులందరూ ఈరోజుకీ నా చెవిలో కారేపల్లి తెలుగే మాట్లాడతారు.

జెట్టీ దగ్గర ఒక చిన్న ఊరు ఉంది. నలభై ఒక్క ఇళ్లు. అందులో ఆరు నది అంచున, ఎత్తైన గుంజల మీద నిలబెట్టిన పాత ఇళ్లు. మిగతా ముప్పై అయిదు లోపల, పొట్టి దిమ్మెల మీద. ఊరంతా వరి వేస్తారు. సముద్రం చాలా దూరమే అయినా పోటు అక్కడిదాకా వస్తుంది. మన గోదావరికి వరద వస్తే నాలుగు రోజులుండి పోతుంది, మళ్లీ ఏడాది దాకా దాని మాట ఉండదు. ఆ నది రోజూ పెరుగుతుంది, రోజూ తగ్గుతుంది. వానాకాలంలో అమావాస్య దాటిన ఒకటి రెండు రోజులు ఏడాదిలోకల్లా పెద్ద పోటు.

ఇక నేల. వేల ఏళ్లుగా రాలిన ఆకులూ వేళ్లూ కొమ్మలూ నీళ్లలో కుళ్లి పేరుకున్న నల్లమన్ను అది. మొదటి రోజు మావాడు, ఆ ఆపరేటరు, పది అడుగుల ఇనప చువ్వ తీసుకుని చేత్తో నొక్కాడు. మొత్తం దిగిపోయింది.

"అన్నా, ఇది నేల కాదే, చాయ్‌ల నానిన బన్ను. గీ బన్ను మీద నా బండి నిలబెట్టమంటున్రా?"

"కింద దుంగలు పరుస్తరట."

"దుంగలు పరుస్తరు సరే. దుంగల కింద ఏముంటది?"

ఆ ప్రశ్న నేను అడగాల్సింది.

రోడ్డుకు మట్టి ఆరాలంటే పక్కన కాలువ తవ్వి నీళ్లు నదిలోకి వదలాలి. ఆ కాలువ ఊరి పక్కనుంచే పోయింది. తవ్వినందుకు బదులుగా ఊరి చుట్టూ పోటు నీళ్లు రాకుండా కట్ట వేసిస్తామని కంపెనీ ఊరివాళ్లకు మాటిచ్చింది. కట్ట ఎంత ఎత్తు ఉండాలో చెప్పాల్సింది నేను.

ఎత్తు చెప్పాలంటే కదలని గుర్తు ఒకటి కావాలి. మన దగ్గరైతే బండ మీద ఉలితో గీత కొడతాం, దాన్నుంచి అన్నీ కొలుస్తాం. అక్కడ కనుచూపు మేరలో బండ లేదు. అందుకని నేనే ఒక బండ చేయించాను. ఊరి బడి ముందు నల్లమన్ను తవ్వి, దుంగలు పరిచి, కాంక్రీటు దిమ్మె పోసి, మధ్యలో ఇత్తడి బోల్టు పెట్టాను. దాని మట్టం మూడు మీటర్లు అని రాసుకున్నాను. దిమ్మె ఆరిన రోజు మావాడు దాని మీద కూర్చుని ఫోటో దిగాడు.

ఆ దిమ్మె నుంచి కొలిచి జెట్టీ గుంజకు గేజి బల్ల కట్టాం. పోటు ఎంత ఎక్కిందో చెప్పే అంకెల బల్ల. మొదటి ఏడాది పెద్ద పోటు దాని మీద రెండు మీటర్ల ఇరవై సెంటీమీటర్ల దగ్గర ఆగింది. దానికి నలభై కలిపి, కట్ట రెండు మీటర్ల అరవై ఉండాలని రాశాను. కంపెనీ ఇంజనీరు సంతకం పెట్టాడు.

మాకు మధ్యాహ్నం అన్నం పెట్టేది జెట్టీ పక్క ఇంటి ముసలావిడ. మావాడు ఆమెను "అవ్వా" అనేవాడు. ఆమెకు అర్థం తెలియకపోయినా పలికేది. ఆ ఇంటి గుంజలు ఇనుమంత గట్టి కర్రవి, నల్లమన్ను దాటి అడుగున ఉన్న బంకమట్టి దాకా దించినవి. నేను మొదటిసారి ఎక్కినప్పుడు మెట్లు నాలుగు. నాలుగని ఆ రోజే డైరీలో రాసుకున్నాను. పై మూడూ మేకులతో కొట్టినవి, కింది మెట్టు మాత్రం పేము తాడుతో కట్టింది.

"కింది మెట్టుకు మేకు కొట్టరా?" అని అడిగించాను.

"ఎప్పటికీ అదే కింది మెట్టు కాదు గదా, గందుకట" అని మావాడు చెప్పాడు.

వాళ్ల ఆచారమేదో అనుకుని ఊరుకున్నాను.

రెండు నెలలకోసారి దిమ్మె నుంచి గేజి బల్లకు లెవెల్ సరిచూసుకోవాలి. మొదటిసారి చూస్తే బల్ల ఆరు సెంటీమీటర్లు పైకి ఉంది. పడవలు తగిలి ఉంటాయి, కర్ర నానితే తేలుతుంది అనుకున్నాను. బల్ల విప్పి ఆరు కిందికి దించి కట్టాను. రెండు నెలల తరవాత అయిదు. తరవాత ఏడు. కర్రకూ కాంక్రీటుకూ తగువు వచ్చినప్పుడు నేను ఒక్కసారి కూడా కర్ర వైపు మాట్లాడలేదు. మా ఊళ్లో కర్రకు చెదలు పడుతుంది, కాంక్రీటుకు పట్టదు. నా పెద్దరికం, నా చదువు, నా దిమ్మె అన్నీ ఒకవైపు ఉన్నాయి. ఆ తరవాత మళ్లీ ఆరు, మళ్లీ ఏడు. అయిదుసార్లు, అయిదు వేరువేరు పేజీల్లో, ఎర్ర సిరాతో "బల్ల సరిచేయడమైనది" అని రాశాను.

బల్ల కిందికి దింపాక దాని మీద నది మట్టం ఎక్కువ చూపిస్తుంది కదా. "ఈ ఏడాది నది పెరుగుతోంది, పైన వానలు ఎక్కువ" అని రిపోర్టులో రాశాను. నేను చేసిన పనిని నదికి అంటగట్టాను.

ఆ మధ్యలోనే విత్తనాల గాదె మాట వచ్చింది. ఏటా ఇంటికొక మూట చొప్పున విత్తనం వడ్లు నది అంచు ఇళ్ల అటకల మీద దాచుకునేవాళ్లు. కట్ట పూర్తయింది కాబట్టి ఊరి మధ్యన ఒకే గాదె కట్టుకుందామన్నాడు ఊరి పెద్ద. అవ్వ ఒప్పుకోలేదు. కడితే నది అంచున, పొడుగు గుంజల మీదే కట్టాలంది. మీటింగుకు నన్ను పిలిచారు. బడి నల్లబోర్డు మీద నేను నది గీశాను, కట్ట గీశాను, మధ్యలో నలభై అని రాసి చుట్టూ సున్నా చుట్టాను. గాదె నేలకు అడుగు ఎత్తుంటే చాలన్నాను. అందరూ తలలూపారు.

అవ్వ లేచి ఏదో అంది. ఊరంతా నవ్వింది.

"ఏమన్నది?"

మావాడు నవ్వు ఆపుకుంటూ చెప్పాడు. "నీ బోర్డు మీద నేల గీత శానా తిన్నగున్నదట. మా ఊళ్లె గంత తిన్నగున్న నేల యాడ దొరికిందని అడుగుతున్నది."

నేనూ నవ్వాను. గాదె ఊరి మధ్యనే, నేలకు అడుగు ఎత్తున కట్టారు. నలభై ఒక్క మూటలూ దానిలోకి చేరాయి. వచ్చే పంటకు ఆ ఊరికి వేరే విత్తనం లేదు.

రెండో ఏడాది పెద్ద పోటు రోజు. పోటు పొద్దున పదకొండు గంటలకు పూర్తవుతుందని పట్టికలో ఉంది. తొమ్మిదిన్నరకు నాలుగు ముద్దలు తిని గేజి దగ్గరికి పోదామని అవ్వ ఇంటికి వెళ్లాను. మావాడు అప్పటికే అక్కడ ఉన్నాడు. కొత్త చెక్క ఒకటి మెట్ల కింద పెట్టి, ఒక కొసకు పేము తాడు బిగిస్తున్నాడు.

"ఏందిది?"

"ఆరో మెట్టన్నా. అవ్వకు మోకాళ్లు నొస్తున్నయట, కాలు అందుతలేదట."

నేను డైరీలో నాలుగని రాసుకున్నాను. తరవాత ఎప్పుడో అయిదని కూడా రాసుకున్నాను. అప్పుడు, పడవలు రేపే అలలకు కింద మట్టి కొట్టుకుపోతోందేమో అనుకున్నాను.

"అడుగు. ఆమె పెళ్లైనప్పుడు మెట్లెన్ని?"

అడిగాడు. అవ్వ వేళ్లు చూపిస్తూ చెప్పింది. నాకు అంకెలు వచ్చు కదా, వాడు చెప్పకముందే అర్థమైంది. వాడు మాత్రం పూర్తిగా చెప్పాడు.

"పెళ్లినాడు మూడట. నలభై ఏండ్లకు ఒకటి పెరిగి నాలుగైనయట. మన కాలువ తవ్వినంక రెండట."

అవ్వ కిందికి దిగి వచ్చింది. గుంజ మీద ఒకచోట అరచేయి పెట్టింది. అక్కడికి పైన కర్ర ఎండకు తెల్లబారి ఉంది, కింద నల్లగా ఉంది. కాలువ తవ్వకముందు నేల అక్కడ ఉండేదట. నా జేబులో టేపు ఉంది. కొలిచాను. గీత నుంచి ఇప్పటి నేల దాకా ముప్పై ఏడు సెంటీమీటర్లు.

అక్కడే బురదలో నిలబడి పుస్తకం తిరగేశాను. ఆరు, అయిదు పదకొండు. ఏడు, పద్దెనిమిది. ఆరు, ఇరవై నాలుగు. ఏడు, ముప్పై ఒకటి. జీవితంలో అంత చిన్న కూడిక అంత నెమ్మదిగా ఎప్పుడూ చేయలేదు.

బంకమట్టి దాకా దిగిన జెట్టీ గుంజ కదల్లేదు. అవ్వ ఇల్లు కదల్లేదు. కాలువ నీళ్లు లాగేశాక తడిగుడ్డ పిండినట్టు నల్లమన్ను దిగిపోయింది. నా దిమ్మె పోయకముందు ఆరు, పోశాక ముప్పై ఒకటి. దానితో పాటు బడి, గాదె, కట్ట, నా దిమ్మె అన్నీ కలిసి దిగాయి. అన్నీ కలిసి దిగాయి కాబట్టే ఏదీ దిగినట్టు నాకు కనబడలేదు. నలభైలోంచి ముప్పై ఒకటి తీస్తే తొమ్మిది. అదికాక కట్ట తన బరువుకు తాను కనీసం పదిహేను దిగి ఉంటుంది. నలభై పైన ఉండాల్సిన కట్ట, ఆరు కింద ఉంది.

ఇంజనీరుకు ఫోన్ చేశాను. గని దగ్గర ఉన్నాడు. "ఇరవై నెలల పుస్తకం తప్పంటున్నావా? ముసలావిడ మెట్లు చూసి? ఆలోచించి సాయంత్రం మాట్లాడు" అని పెట్టేశాడు.

"అన్నా, బండి తీస్త. తక్కువున్న కాడ మన్ను పోస్త" అన్నాడు మావాడు.

"పోస్తే ఆ బరువుకు ఇంకా దిగుతది."

"మరేం చేద్దాం?"

"మూటలు మోయాలె."

బడి ముందు చెక్క గంట కొట్టించాం. జనం వచ్చారు. అందరి ముందూ నిలబడి నా లెక్క తప్పని చెప్పాను. నేను చెప్పింది చెప్పినట్టు మావాడు వాళ్ల భాషలోకి మార్చాడు. ఇప్పటిదాకా జోకులతో మార్చేవాడు, ఆ రోజు మాత్రం ఒక్క మాట కలపలేదు.

వాళ్లు నమ్మలేదు. తప్పు వాళ్లది కాదు, నేనే అంత బాగా నమ్మించాను. ఊరి పెద్ద నిన్ననే కట్టంతా నడిచి చూశాడు, పొడిగా ఉంది. నల్లబోర్డు మీద నేను చుట్టిన సున్నాను గాలిలో వేలితో మళ్లీ చుట్టి చూపించి, "గిది నువ్వే గదా రాసింది?" అన్నాడు. ఎవరో నా దిమ్మెను చూపించి, అదిగో అట్లాగే ఉంది కదా అన్నారు. అట్లాగే ఉంది మరి. వాదిస్తూ ఉండగా పది దాటింది, పదింపావైంది, పదిన్నరైంది. చివరికి అవ్వ తన వంతు మాట్లాడింది. రెండే వాక్యాలు. తరవాత గాదెలోకి వెళ్లి ఒక మూట నెత్తిన పెట్టుకుని నడిచింది. డెబ్బై ఏళ్ల మనిషి.

ఆ రెండు వాక్యాలు ఏమిటని తరవాత అడిగాను. "ఈన లెక్క మీకు నచ్చినప్పుడు నమ్మిన్రు. ఇప్పుడు నచ్చలేదని నమ్ముతలేరు" అన్నదట.

అప్పుడు కదిలారు. గాదె నుంచి కట్ట మీదుగా నది అంచుకు ఒక్క చెక్కల దారే ఉంది, ఒకరి వెనక ఒకరే నడవాలి. అవ్వ ఇంటి ఆరో మెట్టు ఒక కొస కట్టి ఉంది, రెండో కొస వదులుగా ఉంది. మొదటి మనిషి కాలు పెట్టగానే చెక్క తిరిగింది. నేను మోకాళ్ల మీద కూర్చుని ఆ కొసను రెండు చేతులా గుంజకు అదిమి పట్టుకున్నాను. తాడు కట్టే టైం లేదు. నా వేళ్ల పక్కనుంచి పాదాలు ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. నేను మూటలు లెక్కపెడుతున్నాను. ఒకటి, రెండు, మూడు. ఇరవై అయ్యేసరికి నది నీళ్లు నా మణికట్లకు తగిలాయి. ఇరవై తొమ్మిదో మూట ఎక్కేటప్పటికి మోచేతులు మునిగాయి.

ముప్పయ్యోది రాలేదు.

పెద్ద చప్పుడేమీ కాలేదు. చాయ్ రంగు నీళ్లు కట్ట మీద ఒకచోట పలచగా పారాయి. కాసేపటికి ఆ చోట కట్ట అంచు కరిగి, అరవై అడుగుల మేర మెల్లగా కూర్చుండిపోయింది. దాని మీది చెక్కల దారి కూడా పోయింది. గాదెలో ఉన్న ఇద్దరు కప్పెక్కారు, వాళ్లను పడవ వేసుకుని మావాడే తెచ్చాడు. మనుషులకు ఏమీ కాలేదు. పన్నెండు మూటలు మునిగాయి. తడిసిన విత్తనం మొలకెత్తక మానదు, నారు పోయడానికి ఇంకా నెలన్నర ఉంది, అంటే ఆ విత్తనం పోయినట్టే.

మూడో రోజు అవ్వ నన్ను పిలిపించింది. ఆమె ఇంట్లో ఇరవై తొమ్మిది మూటలు, చుట్టూ నలభై ఒక్క ఇళ్లవాళ్లు. ఆమె చేతిలో కొబ్బరిచిప్ప ఉంది.

"లెక్క నువ్వు చెప్పాల్నట" అన్నాడు మావాడు.

"నేనా?"

"అవ్. నువ్వే కావాల్నట."

ఒక మూట కొలిస్తే అరవై చిప్పలు. మిగతావీ ఇంచుమించు అంతే. ఒక్కో మూటలోంచి పద్దెనిమిది తీస్తే అయిదు వందల ఇరవై రెండు. పన్నెండు ఇళ్లకు తలా నలభై మూడు. మూటలున్నవాళ్లకు నలభై రెండు చొప్పున మిగులుతాయి. తనకు ఒక చిప్ప తక్కువని ఎవరూ అనలేదు. పంచడం అయ్యాక ఆరు చిప్పలు మిగిలాయి. మూడుసార్లు సరిచూసి చెప్పాను. అవ్వ ఆ ఆరు చిప్పలూ ఒక కుండలో పోసి మూత పెట్టింది.

"అవి ఎవరివి?" అని అడిగించాను.

"నీ తప్పుకు వాటానట" అన్నాడు మావాడు. నవ్వలేదు. "ఎంత మంచిగ కొలిచినా కొంచెం తప్పు ఉంటదట. దానికి కూడా తిండి పెట్టాల్నట."

కిందికి దిగాక ఆరో మెట్టు రెండో కొస నేను కట్టాను. పేము తాడు ఎట్లా బిగించాలో ఆమె పక్కన నిలబడి చూపించింది. రెండుసార్లు విప్పించి మళ్లీ కట్టించింది.

అసాధారణమైన పోటు వల్ల కట్ట దెబ్బతిన్నదని ఇంజనీరు రిపోర్టు రాశాడు. నేను నా లెవెల్ పుస్తకం చివరి పేజీలో అయిదు అంకెలు ఒకదాని కింద ఒకటి వేసి, గీత గీసి, ముప్పై ఒకటి అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను. దాన్ని ఎవరైనా తెరిచారో లేదో తెలియదు. ఆ సంవత్సరమే ఇద్దరం తిరిగి వచ్చేశాం.

అందుకే, మా ఇంటి ముందు ఆగే పిల్లలకు నేను మిషన్ గురించి ఏమీ చెప్పను. వాళ్లతో అనేది ఇంతే: మీ మిషన్ మంచిదే. ఊళ్లో దిగగానే పాత మనిషి ఒకరిని అడగండి: వరద గుర్తు ఎక్కడుంది, గడప ముందు రాయి ఎప్పుడు వేశారు, ఎందుకు వేశారు. జవాబు మీ పుస్తకంలో ఏ గడిలోనూ పట్టదు. నా డైరీ, నా లెవెల్ పుస్తకం ఇరవై నెలలు ఒకే ట్రంకుపెట్టెలో పక్కపక్కన ఉన్నాయి. నాలుగు అని, అయిదు అని మెట్లు ఒకదానిలో, ఆరు, అయిదు, ఏడు అని దిద్దుబాట్లు ఇంకోదానిలో.

మొన్న ఉగాదికి మావాడు కారేపల్లి నుంచి ఫోన్ చేశాడు. ఆ ఊరివాళ్లతో వాడికి ఇంకా మాటలున్నాయి. అవ్వ పోయి మూడేళ్లయిందట, ఇల్లు మనవరాలు చూసుకుంటోందట. ఒక వీడియో పంపాడు. నలభై సెకన్లు. పడవలోంచి తీసింది. జెట్టీ వస్తుంది, తరవాత ఇల్లు, తరవాత బడి ఉండాల్సిన వైపు. ఆ వైపంతా నీళ్లు. నా దిమ్మె ఎక్కడుందో కనబడలేదు.

ఇల్లు మాత్రం అట్లాగే నిలబడి ఉంది. వీడియో ఆపి, తెర మీద వేలు పెట్టి మెట్లు లెక్కపెట్టాను. పదకొండు. మళ్లీ లెక్కపెట్టాను. కింది మెట్టు తాడుతో కట్టి ఉంది.